ఒంటిచేతి మాస్టారు, పేరు మారిన లోయ

అమెరికా పడమటి భాగంలో యూటా అనే రాష్ట్రం ఉంది. అక్కడి జయాన్ నేషనల్ పార్కు చూడటానికి ఏటా లక్షల మంది వస్తారు. వాళ్లలో చాలామంది కొండలెక్కడంలో ఆరితేరినవాళ్లు కారు. పిల్లాపాపలతో, వీపు సంచిలో నీళ్ల సీసాలతో, ఒక్కపూట నడిచి వద్దామని వచ్చేవాళ్లు. అలాంటివాళ్లకు ఇష్టమైన దారి ఒకటుంది. బస్సు దిగి, వర్జిన్ నది మీది చిన్న వంతెన దాటితే ఎమరాల్డ్ పూల్స్, అంటే పచ్చల కొలనుల దారి మొదలవుతుంది. దిగువ కొలను దగ్గర కొండ ముందుకు పొడుచుకొచ్చి చూరులా నిలబడి ఉంటుంది. ఆ చూరు కింద నుంచి నడుస్తుంటే పైనుంచి నీళ్లు సన్నని ధారలుగా రాలుతుంటాయి. ఇంకా ఎక్కితే నడిమి కొలను, ఆపైన నిట్టనిలువు గోడ పాదం దగ్గర పై కొలను. తిరుగుదారిలో కయెంటా బాట పట్టి నదికి దిగి, గట్టు వెంట నడిస్తే బయల్దేరిన చోటికే చేరతాం. మొత్తం దాదాపు 5 కిలోమీటర్లు.

ఆ నీళ్లు ఎక్కడివి? చుట్టూ ఉన్న గోడలు సుమారు 600 మీటర్ల ఎత్తున్న ఇసుకరాతి గోడలు. పైన కురిసిన వాన ఆ రాతిలోకి మెల్లగా ఇంకుతుంది. కిందికి దిగడానికి కొన్నిచోట్ల వెయ్యేళ్లకు పైగా పడుతుంది. అడుగున నీరు సులభంగా జొరబడని పొర తగలగానే పక్కకు తిరిగి ఊటగా బయటపడుతుంది. కొలనులు నిండేది ఆ ఊటతోనూ, పైనుంచి జారే వాననీటితోనూ.

మేము ఆ దారి నడవలేదు. నదులు, లోయల పాఠం చెప్పేటప్పుడు తరగతిలో ఫొటోలు, మ్యాపు చూపిస్తాం, అంతే. అలా చూపిస్తుండగా ఒక సంగతి మమ్మల్ని ఆపింది. 1909లో ప్రభుత్వం ఆ లోయను మొదటిసారి రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు దాని పేరు జయాన్ కాదు. ముకుంటువీప్. అది అక్కడ తరతరాలుగా బతికిన పైయూట్ ప్రజల మాట. తిన్నని లోయ అని దానికి అర్థం చెబుతారు. ఆ మాటను విని, రాసి, లోకానికి అందించినవాడు ఒక బడిపంతులు. కుడిచెయ్యి లేని మనిషి. పేరు జాన్ వెస్లీ పావెల్. గ్రాండ్ క్యానియన్ గుండా మొదటిసారి పడవల్లో వెళ్లి వచ్చినవాడిగా పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపిస్తుంది. ఆయన మాటలు పోగుచేసిన సంగతి మాత్రం అంతగా కనిపించదు. తెలుగు మాట్లాడే ఇళ్ల నుంచి వేరే భాషల రాష్ట్రాల్లోని బడులకు వచ్చే మన పిల్లలకు ఆ రెండో సగమే ఎక్కువ తెలియాలని మా ఆశ.

రాళ్లదెబ్బలు తిన్న పిల్లవాడు

పావెల్ 1834 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ మారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి జోసెఫ్ మెథడిస్టు బోధకుడు. కొడుక్కి తమ సంఘాన్ని స్థాపించిన జాన్ వెస్లీ పేరే పెట్టుకున్నాడు. కుటుంబం ఓహైయోకు, అక్కడి నుంచి విస్కాన్సిన్‌కు, తర్వాత ఇల్లినాయ్‌కి మారుతూ పోయింది.

ఓహైయోలోని జాక్సన్ ఊళ్లో ఉన్నప్పుడు తండ్రి బానిసత్వం తప్పని నలుగురిలో చెప్పేవాడు. ఊళ్లో చాలామందికి అది నచ్చలేదు. ఆ కోపం బడికెళ్లే పిల్లవాడి మీద పడింది. తోటి పిల్లలు రాళ్లు రువ్వారు. బడి మానిపించక తప్పలేదు. అప్పుడు జార్జ్ క్రూకమ్ అనే పెద్దాయన పిల్లవాణ్ణి చేరదీశాడు. ఆయన సొంతంగా చదువుకున్న రైతు. ఇంట్లో రాళ్లు, మొక్కలు, పాత వస్తువులు పోగేసి పెట్టుకున్నాడు. పిల్లవాణ్ణి వాగుల వెంట, గుట్టల వెంట తిప్పి, కనిపించినదాని పేరు చెప్పి, ఎందుకలా ఉందో అడిగేవాడు. పావెల్‌కు అసలైన బడి అదే.

విస్కాన్సిన్‌లో తండ్రి బోధనల కోసం ఊళ్లు తిరుగుతుంటే సేద్యం బాధ్యత పన్నెండేళ్ల కొడుకు మీద పడింది. దున్నడం, ధాన్యాన్ని బండి మీద సంతకు తోలుకెళ్లడం, సందు దొరికితే పుస్తకం తీయడం. పద్దెనిమిదేళ్లకు పల్లెటూరి బడిలో పంతులయ్యాడు. తరువాతి పదేళ్లలో మూడు కాలేజీల్లో అక్కడ కొంత, ఇక్కడ కొంత చదివాడు. గ్రీకు, లాటిన్ నేర్చుకున్నాడు. డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. సెలవుల్లో పడవేసుకుని మిసిసిపీ, ఓహైయో, ఇల్లినాయ్ నదుల మీద ఒంటరిగా తిరుగుతూ నత్తగుల్లలు ఏరేవాడు. ఆ సేకరణతోనే శాస్త్రజ్ఞుల మధ్య మొదటి గుర్తింపు వచ్చింది.

షైలో

1861లో అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలైంది. చిన్నప్పుడు రాళ్లదెబ్బలు తెచ్చిపెట్టిన బానిసత్వమే ఆ యుద్ధానికి మూలం. పావెల్ ఉత్తరాది సైన్యంలో మామూలు సిపాయిగా చేరాడు. ఆ ఏడు నవంబరులో సెలవు తీసుకుని వెళ్లి ఎమ్మా డీన్‌ను పెళ్లాడాడు. ఆమె ఆయనకు బంధువుల అమ్మాయే.

1862 ఏప్రిల్ 6న టెనెసీ రాష్ట్రంలోని షైలో దగ్గర పోరు జరిగింది. ఫిరంగి దళాన్ని నడుపుతున్న పావెల్ కాల్చమని సైగ చేస్తూ కుడిచెయ్యి పైకెత్తాడు. తూటా వచ్చి మణికట్టు దగ్గర తగిలింది. రెండు రోజుల తర్వాత మోచేతి కింద చెయ్యి తీసేశారు. మొండిచేతి నరాల నొప్పి చివరిదాకా ఆయన్ను వదల్లేదు. ఎమ్మా పక్కనే ఉండి చాకిరీ చేసింది.

ఆయన కోలుకుని మళ్లీ సైన్యంలోకే వెళ్లాడు. విక్స్‌బర్గ్ ముట్టడిలో సిపాయిలు కందకాలు తవ్వుతుంటే, ఆ మట్టిలో బయటపడిన శిలాజాలను ఏరి దాచుకున్నాడు. మేజర్ హోదాతో బయటికొచ్చాడు. ఆ తర్వాత లోకమంతా ఆయన్ను మేజర్ అనే పిలిచింది.

తరగతి గది బయట

యుద్ధం ముగిశాక పావెల్ ఇల్లినాయ్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో, తర్వాత దగ్గర్లోని నార్మల్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పాడు. ఆ రోజుల్లో నార్మల్ స్కూలంటే పంతుళ్లను తయారుచేసే కాలేజీ. మాలాంటివాళ్లు బీఈడీ చేసే చోటు లాంటిది. పుస్తకం తెరిచి బల్ల ముందు కూర్చుంటే కొండలు అర్థం కావని ఆయన నమ్మకం. 1867 వేసవిలో విద్యార్థులను, ఎమ్మాను వెంటబెట్టుకుని రాకీ పర్వతాలకు బయల్దేరాడు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాడు. 1868 ఆగస్టు 23న తోటివాళ్లతో కలిసి లాంగ్స్ పీక్ శిఖరం చేరాడు. 4,300 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ శిఖరం ఎక్కినట్టు రాతపూర్వకంగా దొరికే మొదటి దాఖలా అదే.

ఆ చలికాలం ఇంటికి రాకుండా కొలరాడోలో వైట్ రివర్ పక్కన గుడిసెలు వేసుకుని ఉండిపోయాడు. దగ్గర్లో యూట్ తెగవాళ్ల మకాం ఉంది. మంచు కురిసే ఆ నెలల్లో వాళ్ల దగ్గర కూర్చుని మాటలు నేర్చుకోవడం, వాటిని కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాడు. కొండలు చూద్దామని వెళ్లినవాడికి మనుషుల మాట అంటుకున్నది అక్కడే.

99 రోజులు

అప్పటికి అమెరికా మ్యాపులో కొలరాడో నది నడిమి భాగం చాలావరకు ఖాళీగా ఉండేది. నది ఎక్కడ లోయలో దూరుతుందో, ఎక్కడ బయటికొస్తుందో తెలుసు. మధ్యలో ఏముందో మ్యాపులు గీసేవాళ్లకు తెలియదు.

1869 మే 24న పావెల్ తనతో కలిపి పది మందితో, నాలుగు పడవలతో, పది నెలల తిండితో వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ రైల్వే స్టేషన్ దగ్గర నదిలో దిగాడు. వెంట వచ్చినవాళ్లలో ఎక్కువమంది వేటగాళ్లు, మాజీ సిపాయిలు. పెద్ద ఉరవడుల మీద పడవ నడిపిన అనుభవం ఎవరికీ లేదు. ముందు పడవకు భార్య పేరే పెట్టాడు. పదిహేడో రోజున, జూన్ 9న, లొడోర్ లోయలో ఒక పడవ బండకు కొట్టుకుని ముక్కలైంది. దానిలోని తిండి, బట్టలు కొట్టుకుపోయాయి. ఎత్తు కొలిచే బారోమీటర్లు మాత్రం విరిగిన పడవలో ఇరుక్కుని దొరికాయి. ఆ చోటుకు డిజాస్టర్ ఫాల్స్ అని పేరు పెట్టారు.

చెయ్యి లేకపోయినా పావెల్ ఆగిన ప్రతిచోటా గోడలెక్కేవాడు. ఒకసారి నిలువు బండ మీద పైకి పోలేక, కిందికి రాలేక, ఎడమచేత్తో రాతిని పట్టుకుని వేళ్లాడిపోయాడు. పైనున్న జార్జ్ బ్రాడ్లీ దగ్గర తాడు లేదు. వెంటనే తన పొడవాటి లోపలి లాగు విప్పి కిందికి వదిలాడు. పావెల్ రాతిని వదిలి దాన్ని పట్టుకున్నాడు. బ్రాడ్లీ పైకి లాగేశాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా తరగతి నవ్వులతో నిండిపోతుంది. నవ్వు ఆగాక, ఆ పట్టు వదిలి మరో పట్టు అందుకోవడానికి మధ్య ఉన్న క్షణం గురించి ఆలోచించమంటాం.

ఈలోగా తూర్పున పత్రికల్లో అందరూ మునిగిపోయారన్న వార్త వచ్చింది. తానొక్కణ్ణే బతికి బయటపడ్డానంటూ ఒకతను ఊరూరా కథ చెప్పాడు. ఎమ్మా ఆ కథలోని తేదీలు, పేర్లు పరిశీలించి, అది అబద్ధమని పత్రికల్లోనే తేల్చిచెప్పింది.

ఆగస్టు వచ్చేసరికి పిండి తడిసి ముద్దలు కట్టింది. పంది మాంసం కంపు కొట్టింది. మిగిలినవి కాస్త పిండి, ఎండు ఆపిల్ ముక్కలు, కాఫీ. గ్రాండ్ క్యానియన్ గోడలు కొన్నిచోట్ల నది నుంచి కిలోమీటరున్నరకు పైగా లేచి ఉంటాయి. లోపలున్నవాళ్లకు ఆకాశం పేలికలా కనిపిస్తుంది. ఆగస్టు 28న ఒక భయంకరమైన ఉరవడి ఎదురైంది. హోలండ్ అన్నదమ్ములిద్దరు, విలియం డన్ ఇక పడవెక్కమన్నారు. ఒకరినొకరు తప్పుబట్టుకోకుండా విడిపోయారు. ఆ ముగ్గురూ పక్క లోయ గుండా ఉత్తరానికి ఎక్కి పోయారు. మిగిలిన ఆరుగురు ఉరవడి దాటారు. ఆగస్టు 30న, బయల్దేరిన 99వ రోజున, వర్జిన్ నది కలిసేచోట చేపలు పడుతున్న మనుషులు కనిపించారు. అక్కడితో ప్రాణాలు దక్కాయి. నడిచి వెళ్లిన ముగ్గురూ మళ్లీ కనిపించలేదు.

కత్తిపీట పాఠం

1871, 1872లలో పావెల్ మరో బృందంతో అదే నదిలో దిగాడు. ఈసారి ఫొటోలు తీసేవాళ్లు, మ్యాపు గీసేవాళ్లు ఉన్నారు. 1875లో వచ్చిన పుస్తకంలో రెండు ప్రయాణాల సంగతులనూ కలిపి, అంతా 1869లోనే జరిగినట్టు రాశాడు. రెండోసారి వచ్చినవాళ్ల పేర్లు అందులో లేవు. ఇది ఆయన మీద ఉన్న న్యాయమైన ఫిర్యాదు.

ఆ పుస్తకంలో ఒక గొప్ప ఆలోచన కూడా ఉంది. గ్రీన్ రివర్ ఎదురుగా ఉన్న యుయింటా పర్వతాలను చుట్టిపోకుండా, నిలువునా చీల్చుకుని పోతుంది. నీరు కొండెక్కదు కదా, మరి ఎలా? నదే ముందునుంచీ ఉంది, కొండ తర్వాత లేచింది అన్నాడు పావెల్. మన వంటింట్లో కత్తిపీట కదలదు. కాయే దాని మీదికి వస్తుంది, తెగుతుంది. అలాగే నేల మెల్లగా పైకి లేస్తుంటే, నది ఉన్నచోటే ఉండి దాన్ని కోస్తూ పోయిందని ఆయన వివరణ. ఆ ఒక్క నది విషయంలో తర్వాతి శాస్త్రజ్ఞులు సవరణలు చేశారు. అయినా నది కొండకంటే పాతది కావచ్చన్న ఆలోచన భూగర్భశాస్త్రంలో నిలిచిపోయింది. నది కొండను కోసిన ఇలాంటి చోటును మనవాళ్లు గండి అన్నారు. పెన్నా ఒడ్డున గండికోటకు ఆ పేరు అలా వచ్చిందే.

కపురాట్స్

పైయూట్‌లు పావెల్‌ను కపురాట్స్ అని పిలిచారు. చెయ్యి తెగినవాడు అని అర్థం. ఆయన దానికి నొచ్చుకోలేదు. తానూ ఆ పేరే చెప్పుకునేవాడు.

1870 సెప్టెంబరులో, తప్పిపోయిన ముగ్గురి సంగతి తెలుసుకోవడానికి షివ్‌విట్స్ పైయూట్‌ల దగ్గరికి వెళ్లాడు. వాళ్ల భాష తెలిసిన జేకబ్ హ్యాంబ్లిన్ వెంట ఉన్నాడు. రాత్రి నెగడు చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ ముగ్గురినీ, తమవాళ్లకు హాని చేసిన వేరే తెల్లవాళ్లనుకుని చంపేశామని షివ్‌విట్స్ చెప్పినట్టు పావెల్ రాశాడు. అసలు చంపింది ఎవరన్న వాదం నేటికీ తెగలేదు. ఒకటి మాత్రం నిజం. పావెల్ పగ అనలేదు, సైన్యాన్ని పిలవలేదు. ఆ రాత్రి వాళ్ల మధ్యే నిద్రపోయాడు.

తర్వాతి సంవత్సరాల్లో కనాబ్ ఊరి చుట్టుపక్కల మకాం పెట్టి, పైయూట్‌ల మాటలు, పాటలు, కథలు నోటుబుక్కుల్లో ఎక్కించాడు. వాళ్ల ఆచారం ప్రకారం కథలు చెప్పుకునేది చలికాలం రాత్రుల్లోనే. వినాలంటే ఆ కాలం దాకా ఆగాలి. ఆయన ఆగాడు. 1872లో వర్జిన్ నది రెండు పాయల లోయలూ చూశాడు. ఒకదాని పేరు పరూనువీప్, హోరుమనే నీళ్ల లోయ. రెండోది ముకుంటువీప్. రెండింటి చివరా వీప్ ఉంది. లోయ అని అర్థం. మన ఊళ్ల పేర్ల చివర పల్లి, కుంట, గుట్ట వచ్చినట్టే. పీఠభూములకు కూడా చాలావాటికి పైయూట్ మాటలే వాడాడు. కైబాబ్ అంటే పడుకున్న కొండ. ఇలా ఒక పేరు తెలిస్తే, అక్కడి మనుషులు ఆ నేలను ఎలా చూశారో తెలుస్తుంది. గ్రాండ్ క్యానియన్ అంటే పెద్ద లోయ అని తప్ప ఇంకేం తెలుస్తుంది?

ఒకే ఏడు, రెండు పనులు

పావెల్ తర్వాత వాషింగ్టన్‌లో పెద్ద అధికారి అయ్యాడు. 1878లో ఇచ్చిన నివేదికలో, పడమటి ప్రాంతంలో వాన తక్కువ, ఉన్న నీటితో కొద్ది నేలే తడుస్తుంది, అందుకే నీటి హద్దులను బట్టి ఊళ్లు ఏర్పడాలి అన్నాడు. 1881 నుంచి 1894 దాకా అమెరికా భూగర్భ సర్వే సంస్థకు డైరెక్టరుగా పనిచేశాడు. 1893లో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన సాగునీటి సభలో, అందరి పొలాలకూ సరిపడా నీరు లేదని చెప్పినందుకు సభికులు అరిచి గోల చేశారు. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. ఇవాళ కొలరాడో నీటి కోసం ఏడు రాష్ట్రాలు తగవులాడుకుంటున్నాయి.

ఆయన మనసు ఎక్కువగా ఉన్నది మాత్రం 1879లో స్మిత్‌సోనియన్ సంస్థలో మొదలైన ఎథ్నాలజీ బ్యూరోలో. ఆదివాసుల భాషలు, ఆచారాలను నమోదు చేయడం దాని పని. చనిపోయేదాకా దాని డైరెక్టరు ఆయనే. దేశమంతటా ఉన్న పంతుళ్లు, మతబోధకులు, సైనికాధికారులు మాటలు సేకరించి పంపడానికి వీలుగా ఒక చేతిపుస్తకం తయారుచేశాడు. అందులో శరీర భాగాలు, ఇల్లు, పనిముట్లు, తిండి, రంగులు, లెక్కలు, కాలం, జంతువులు, చెట్లు అని విభాగాలు. ఒకవైపు ఇంగ్లిషు మాట, ఎదురుగా ఖాళీ. చుట్టరికాల విభాగం చాలా వివరంగా ఉండేది. ఎందుకంటే బ్రదర్ అన్న ఒక్క మాటకు ఎదురుగా ఒక్క గడి పెడితే చాలదు. పైయూట్‌లో అన్న వేరు, తమ్ముడు వేరు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పనక్కర్లేదు.

అలా వచ్చిన మాటలను ఆయన, ఆయన సహాయకులు పక్కపక్కన పెట్టి పోల్చారు. 1891లో మెక్సికోకు ఉత్తరాన ఉన్న ఆదివాసీ భాషలన్నిటినీ 58 కుటుంబాలుగా విడదీసి, రంగుల మ్యాపుతో ప్రచురించారు. మన దగ్గర 1816లో మద్రాసులో ఎల్లిస్ చేసిన పని ఇలాంటిదే. కన్ను అని తెలుగు, కణ్ అని తమిళం, కణ్ణు అని కన్నడం. ఇలాంటి మాటలను పోల్చే, ఇవి ఒకే కుటుంబమని చెప్పాడు. హోసూరులోనో బళ్లారిలోనో చదివే మన పిల్లలు ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట వింటూ రోజూ చేసే పోలికే అది.

ఇక్కడ మేము ఒక చేదు నిజం చెప్పాలి. బ్యూరో మొదలైన 1879లోనే పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వ వసతి బడి మొదలైంది. దూరదూరాల నుంచి పిల్లలను తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడకూడదన్నారు. అలాంటి బడులు ఆ తర్వాత చాలా వచ్చాయి. అంటే ఒకే ప్రభుత్వం ఒక ఆఫీసులో మాటలను జాగ్రత్తగా కాగితం మీద పెడుతోంది. ఇంకో చోట అవే మాటలను పిల్లల నోటి నుంచి తుడిచేస్తోంది.

ఆ బడిని పావెల్ పెట్టలేదు. కానీ ఆలోచనలో ఆయన దానికి పూర్తిగా దూరం కాడు. మనుషులు ఆటవిక దశ నుంచి నాగరికత దాకా మెట్లెక్కుతూ వస్తారని, తన జాతి పైమెట్టు మీద ఉందని ఆయన నమ్మాడు. 1873లో ప్రభుత్వ ప్రతినిధిగా వెళ్లి, పైయూట్‌లు సొంత నేలలు వదిలి రిజర్వేషన్లలో స్థిరపడాలని, సేద్యం, ఇంగ్లిషు నేర్చుకోవాలని సిఫారసు చేసినవాళ్లలో ఆయన ఒకడు. వాళ్ల మాటను ప్రేమించాడు, ఆ మాట బతకనక్కర్లేదనీ అనుకున్నాడు. త్వరలో పోయేదాన్ని పుస్తకంలో దాచాలన్నదే ఆయన ఆరాటం. పోకుండా చూడటం ఎలా అన్నది ఆయన ప్రశ్న కాలేదు.

పంతుళ్లుగా ఈ చోట మేము తడబడతాం. పిల్లల భాష మీద ప్రేమ ఉంటే సరిపోతుందని అనుకుంటాం. ఆ ప్రేమ పుస్తకంలో ఉండి తరగతిలో లేకపోతే ఏమవుతుందో పావెల్ జీవితం చూపిస్తుంది.

పేరు మారింది

పావెల్ 1902 సెప్టెంబర్ 23న మెయిన్ రాష్ట్రంలోని హేవెన్‌లో కన్నుమూశాడు. వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు.

ఏడేళ్ల తర్వాత ముకుంటువీప్ రక్షిత ప్రాంతమైంది, ఆయన రాసిన పేరుతోనే. కానీ 1918లో పేరు మార్చి జయాన్ చేశారు. 1860లలో అక్కడ స్థిరపడిన మార్మన్ రైతులు పెట్టుకున్న పేరది, తెలుగు బైబిలు చదివేవాళ్లకు తెలిసిన సీయోనే. పాత పేరు వచ్చేవాళ్ల నోరు తిరగదన్నది మార్చినవాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. 1919లో అది నేషనల్ పార్కు అయ్యింది. అదే ఏడు గ్రాండ్ క్యానియన్ కూడా. 1963లో కొలరాడోకు అడ్డంగా కట్టిన ఆనకట్ట వెనుక నీరు నిండి, పావెల్ ఇష్టపడి పేరు పెట్టిన గ్లెన్ క్యానియన్ మునిగిపోయింది. ఆ జలాశయానికి పావెల్ పేరే పెట్టారు.

ఆయన నోటుబుక్కులు మాత్రం మునగలేదు. పైయూట్, యూట్‌ల గురించి ఆయన రాసుకున్న మాటలు, కథలను 1971లో స్మిత్‌సోనియన్ పుస్తకంగా వేసింది. పైయూట్‌లు కూడా పోలేదు. కైబాబ్ పైయూట్‌లు నేటికీ ఆ నేల దగ్గరే ఉన్నారు. సుమారు నూట యాభై ఏళ్ల క్రితం తమ పెద్దలు చెప్పిన మాటలు చూసుకోవడానికి వాళ్లకు ఆ పుస్తకం ఉంది. త్వరలో పోతారనుకుని రాసుకున్నది, మిగిలినవాళ్లకు పనికొస్తోంది.

మన నోటుబుక్కు

ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలకు ఒక పని ఇస్తాం. ఈ పేజీ చదివే బడుల్లోనూ చేసి చూడండి.

ఒక ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ఊరి చుట్టూ ఒక చుట్టు నడవండి. బయల్దేరిన చోటికే తిరిగి రండి. దారిలో కనిపించిన చెరువు, గుట్ట, మలుపు, మర్రిచెట్టు, పొలం, ఒక్కోదాన్ని మన ఇళ్లలో ఏమంటారో అడగండి. బోర్డు మీద ఉన్న పేరు ఒక గడిలో, అవ్వ చెప్పిన పేరు పక్క గడిలో రాయండి. బోర్డు పేరు తప్పని కాదు. అదీ నేర్చుకోవాలి, అదీ మన ఊరి మాటే. పక్క గడి ఖాళీగా ఉండకూడదు, అంతే.

షోలాపూర్ పిల్లలు మగ్గం దగ్గర మొదలుపెట్టవచ్చు. పడుగు, పేక, నాడె, ఇంకా తాతకు తెలిసినవన్నీ. యానాం పిల్లలు గోదావరి పోటు, పాటు గురించి జాలరులను అడగవచ్చు. బరంపురం పిల్లలు చుట్టరికాల పేజీతో మొదలుపెడితే, పక్కింటి ఒడియా స్నేహితుడి మాటలకు మూడో గడి కూడా గీసుకోవచ్చు. పుస్తకాల్లో లేని మాట దొరికితే తప్పని కొట్టేయకండి. అది ఎవరి నోట విన్నారో, ఏ ఊళ్లో విన్నారో పక్కన రాయండి. పావెల్ చేతిపుస్తకం అడిగింది కూడా అదే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ను దాటి వెళ్దాం. రాసిన పేజీని బీరువాలో పెట్టకండి. సోమవారం బడికి తీసుకురండి. అవ్వ చెప్పిన మాటతో తరగతిలో ఒక వాక్యం గట్టిగా చెప్పండి. ఆ రోజు పాఠం దానితోనే మొదలుపెడతాం.